మా నాయన చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఒక వస్తువును చెప్పిన ధరకే కొనుక్కొస్తే, జ్వరం తగిలిన మనిషిని చూసినట్టు చూసేవాళ్లు. మాది నాంపల్లి స్టేషన్ రోడ్డులో బియ్యం దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా నాయన పొద్దంతా గల్లాపెట్టె దగ్గర కూర్చుని ధర దించనని మొండికేసేవాడు. సాయంత్రం బేగం బజార్‌కు పోయి, అక్కడి సేట్ల దగ్గర ధర దించేదాకా కదలనని మళ్లీ మొండికేసేవాడు. మా అమ్మ బేరానికి గాజులవాళ్లు దండం పెట్టేవాళ్లు. నేను పలక పట్టకముందే బేరం నేర్చుకున్నాను. ఆ జబ్బు ఇంకా పోలేదు. మొన్న పన్ను పీకించుకోవడానికి పోయి, కుర్చీలో నోరు తెరుచుకుని, దూది కుక్కించుకుని కూడా, జర తగ్గించమని డాక్టరుకు వేళ్లతో సైగ చేశాను. మా కోడలు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకున్న పళ్ల బొమ్మను చదివింది. బేరం చెల్లని చోటు ఒకటుందని నాకెట్లా తెలిసిందో చెప్పాలంటే, నాలాంటి మనిషే చెప్పాలి.

ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకు మా అమ్మ కడుపు ఉబ్బడం మొదలైంది. కళ్లు పచ్చబడ్డాయి. మొదట ఆకుమందు తాగించారు, తర్వాత తాయెత్తు కట్టించారు. మొక్కని దేవుడు లేడు, ఎక్కని దర్గా లేదు. మా నాయన ప్రతిచోటా ఒకే పద్ధతిలో మొక్కేవాడు. ముందు తక్కువతో మొదలుపెట్టి, అమ్మకు తగ్గకపోతే పెంచుకుంటూ పోయేవాడు. చివరికి సర్కారు దవాఖానలో ఆడవాళ్ల వార్డుకు చేర్చారు. దుకాణం మూస్తే ఇల్లు గడవదు కాబట్టి మా నాయన పొద్దున, సాయంత్రం వచ్చిపోయేవాడు. మా మేనత్త ఇల్లు చూసుకునేది. బడి మానిపించి నన్ను అమ్మ పక్కన ఉంచారు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో.

పెద్ద డాక్టరు ఒకనాడు మా నాయనను వరండాలోకి పిలిచి, కాలేయం చెడిపోయిందనీ, చేసేదేమీ లేదనీ, దీపావళి దాకా ఉంటే గొప్పేననీ చెప్పాడు. నేను మా నాయన అంగీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఆయన ఏడవలేదు. ఒక్క నిమిషం డాక్టరు మొహంలోకి చూసి, దుకాణానికొచ్చిన గిరాకీతో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"దీపావళంటే మస్తు దగ్గర సారూ. జర చూడున్రి. నుమాయిష్ దాకన్న చెయ్యున్రి. నుమాయిష్ అంటే ఆమెకు పానం." నుమాయిష్ అంటే మా నాంపల్లిలో ఏటా జనవరిలో పెట్టే ఎగ్జిబిషను.

"నేనేమన్న దుకాణం పెట్టుకున్ననా అయ్యా, పెంచనీకి తగ్గించనీకి?" అని డాక్టరు విసుక్కుని వెళ్లిపోయాడు. మా నాయన ఆయన వెనకాలే నాలుగడుగులు నడిచాడు. మా బజారులో గిరాకీ వెళ్లిపోతున్నట్టు నటిస్తే దుకాణదారు వెనక్కి పిలుస్తాడు. ఆ డాక్టరు వెనక్కి తిరగలేదు.

ఆ వార్డులోకే చర్చి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. అబిడ్స్ అవతల, గన్‌ఫౌండ్రీ పోయే దారిలో ఒక చిన్న చర్చి ఉండేది. అక్కడి పాస్టరుగారి భార్యను అందరూ పాస్టరమ్మ అనేవాళ్లు. కోస్తా నుంచి వచ్చిన సన్నటి మనిషి. మాట మెత్తగా ఉండేది. ఆమె వెంట టెలిఫోను ఆఫీసులో పనిచేసే ఒక లావాటి అక్క వచ్చేది, మెదక్ పిల్ల. పొద్దంతా ఫోనులో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పెద్దదైపోయింది. నేను ఆమెను టెలిఫోను అక్క అనేదాన్ని. వాళ్లిద్దరూ ఒక పెద్ద స్టీలు డబ్బా నిండా వేడి జావ తెచ్చేవాళ్లు. ఎవరూ తోడు లేనివాళ్లకు తల దువ్వేవాళ్లు, గోళ్లు తీసేవాళ్లు, పక్కబట్ట మార్చేవాళ్లు. ప్రార్థన చేయమంటారా అని ఒక్కసారి అడిగేవాళ్లు. ఔ అంటే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాళ్లు. వద్దంటే జావ పోసి పక్క మంచానికి పోయేవాళ్లు.

మా అమ్మ కడుపులో అప్పటికి ఏదీ నిలవడం లేదు. మా ఇంటి నుంచి వచ్చిన సన్నబియ్యం అన్నం కూడా వాంతి అయ్యేది. పాస్టరమ్మ జావ మాత్రం నిలిచింది. మొదటిరోజు రెండు గుటకలు తాగి, అమ్మ కళ్లు మూసుకుని నోట్లో ఏదో వెతుక్కుంది.

"గిది ఒక్క ఇంటి బియ్యం గాదు," అంది. "రేషన్ బియ్యమున్నది. పాతబియ్యమున్నది. గీ లావు గింజ ఉప్పుడు బియ్యం. మీ చర్చిల కేరళోళ్లు ఎవరన్న ఉన్నరా ఏంది?"

పాస్టరమ్మ ఆశ్చర్యపోయి నవ్వింది. "ఉన్నారమ్మా, ఒక నర్సమ్మ. ఆవిడ పిడికెడు కూడా ఇందులో పడింది."

అప్పుడు మాకు ఆ సంగతి తెలిసింది. వాళ్లలో ప్రతి ఇంటి ఇల్లాలూ వంటకు బియ్యం కొలిచాక, అందులోంచే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుందట. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి, అందరూ ఒకే గంపలో పోస్తారట. ఎవరిది ఎంతని చూడరు, ఎవరిది ఏ రకమని చూడరు. బియ్యం దుకాణంలో పుట్టినదాన్ని, నాకు ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. మా దుకాణంలో రెండు రకాల బియ్యం కలిసిపోతే ఆ పూట ఇంట్లో పొయ్యి కంటే ముందు మా నాయన మండేవాడు. కలిసిన బియ్యాన్ని ఎవరూ కొనరు. ఒక గింజ మెత్తబడేలోపు ఇంకో గింజ ముద్దయిపోతుంది, అన్నం కుదరదు. ఆ బియ్యం జావకే పనికొస్తుంది. మా అమ్మకు అప్పుడు కావలసిందీ జావే.

మా నాయనకు ఈ జావ సంగతి నచ్చలేదు. ఊరికే ఇచ్చేవాళ్లు ఉంటారని ఆయన నమ్మడు. సాయంత్రం వచ్చినప్పుడల్లా నన్ను పక్కకు పిలిచి, ఇవాళ ఏమైనా అడిగారా అని ఆరా తీసేవాడు. మా మేనత్త మాత్రం తేల్చి చెప్పేసింది. "ఏమడుగుతరు? పేరు మార్చుకో, బొట్టు తీసెయ్ అంటరు. ముందు గంజి, ఎనుక గంట." కానీ రోజులు గడిచినా వాళ్లు ఏమీ అడగలేదు. ధర చెప్పని దుకాణంలో సామాను ముట్టుకున్నట్టు మా నాయనకు భయం పట్టుకుంది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మా, ఖుల్లంఖుల్ల చెప్పున్రి. గిదంత చేస్తే మీకేం మిగులుతది?"

"ఏమీ మిగలదు అన్నయ్యగారూ," అని పాస్టరమ్మ డబ్బా వంచి అడుగు చూపించింది.

ఆ జవాబుతో ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

దాన్ని తీర్చింది టెలిఫోను అక్క. తీర్చిందంటే, ముందు పదింతలు పెంచి తర్వాత తీర్చింది. అమ్మ ఆ వారం కొంచెం తేరుకుంది. దిండుకు ఆనుకుని కూర్చునేది. ఆ సంతోషంలో టెలిఫోను అక్క వార్డంతా వినబడేలా అంది, "వదిన మంచిగైనంక అన్న వచ్చి సాక్ష్యం చెప్పాలె. ఏమంటవ్ అన్నా?"

మా నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాంపల్లిలో పుట్టి పెరిగినవాళ్లకు సాక్ష్యం అంటే ఒకటే అర్థం. మా రోడ్డు చివర కోర్టులున్నాయి. మా పక్క దుకాణం ముసలాయన ఒకసారి స్టేషన్ ముందు జరిగిన కత్తిపోట్ల కొట్లాట చూశానని నోరు జారాడు. ఆయన కోర్టు గేటు దగ్గర వాయిదాల కోసం కూర్చుని కూర్చుని, ఇటు దుకాణమూ పోయింది, అటు ఎవరికీ శిక్షా పడలేదు. అప్పటి నుంచి మా బజారులో రోడ్డు మీద కేకలు వినిపిస్తే చాలు, ముందు షట్టరు దిగేది. ఎవరొచ్చి ఏమడిగినా 'మేం ఏం చూడలే' అనాలని మా నాయన మాకు ఎక్కాలతో పాటు నేర్పించాడు.

"అక్కా, నీకు దండం పెడత," అన్నాడు ఆయన నిజంగానే చేతులు జోడించి. "మేం ఏం చూడలే. మీకు ఎవ్వరితోని కొట్లాటున్నదో మాకెర్క లేదు. గంజికి పైసలంటే ఇస్త. కోర్టుకు మాత్రం రాను."

వార్డంతా ఘొల్లున నవ్వింది. పక్క మంచం మీది ముసలమ్మ నవ్వలేక దగ్గింది. మా అమ్మ కడుపు పట్టుకుని, నొప్పికి మొహం వంకర్లు పోతున్నా నవ్వు ఆపుకోలేకపోయింది. "నీ యవ్వ, కోర్టంట," అని మళ్లీ మళ్లీ నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

పాస్టరమ్మ నెమ్మదిగా విడమరచి చెప్పింది. వాళ్ల చర్చిలో ఆదివారంనాడు, తమకు మేలు జరిగినవాళ్లు లేచి నిలబడి, ఏం జరిగిందో అందరి ముందూ చెబుతారట. దాన్ని సాక్ష్యం అంటారట. ప్లీడరుండడు, ప్రమాణం ఉండదు.

"గంతేనా?" అన్నాడు మా నాయన. ఆయన కళ్లలోకి ప్రాణం వచ్చింది. ఇన్నాళ్లకు ధర తెలిసింది. ధర తెలిస్తే బేరం ఆయన చేతిలో పని. అక్కడే, మంచం పక్కనే మొదలుపెట్టాడు. ఆమె బతికితే ఒక్క ఆదివారం కాదు, చెప్పమన్నన్ని ఆదివారాలు చెబుతాడు. ప్రతి నెలా ఒక బస్తా బియ్యం చర్చికి పంపుతాడు. మామూలు బియ్యం కాదు, పెళ్లిళ్లకు అమ్మే రకం. మేనత్త వింటే ఏమంటుందన్న ఫికర్ కూడా ఆయనకు లేదు.

పాస్టరమ్మ నవ్వలేదు. "అన్నయ్యగారూ, ఆవిడ బాగవుతుందని నేను చెప్పలేనండి. ఎవరైనా అలా చెబితే మీరు నమ్మకండి. మేము రేపు కూడా వస్తాం. అది మాత్రం చెప్పగలను."

"గట్లనకున్రి అమ్మా. ఏదో ఒక మాట చెప్పున్రి."

"అదేనండి నా మాట."

మా నాయన దాన్ని బేరంలో మొదటి 'కాదు' అనుకున్నాడు. మొదటి 'కాదు' అనే మాటకు మా బజారులో విలువ లేదు. మర్నాడే మంచి పాతబియ్యం బస్తా ఒకటి రిక్షాలో చర్చికి పంపించాడు. తర్వాత పాస్టరమ్మ వార్డుకు రాగానే, బస్తా అందిందా, చూశారా, గింజ ఎట్లా ఉంది అని ఆత్రంగా అడిగాడు. చాలా బాగుందనీ, గంపలో పోసి కలిపేశామనీ ఆమె చెప్పింది.

"కలిపేసిన్రా!" అని మా నాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "రేషన్ బియ్యంలనా?"

"అన్నిట్లోనూ అండి."

ఆయన తన బస్తా తన పేరుతో అటక మీద ఉంటుందనీ, దేవుడి కళ్లకు విడిగా కనబడుతుందనీ అనుకున్నాడు పాపం. ఇప్పుడది ఎవరి పిడికెడో తెలియని గింజల్లో పడి కనబడకుండా పోయింది. దాన్ని చూపించి అడగడానికి ఏమీ మిగల్లేదు.

అమ్మ తేరుకోవడం ఆ వారంతోనే ఆగిపోయింది. తర్వాత జావ కూడా నిలవలేదు. తర్వాత గొంతులోకే దిగలేదు. పాస్టరమ్మ వాళ్లు మాత్రం చెప్పినట్టే వచ్చేవాళ్లు. జావ పక్క మంచాలకు పోసేసి, అమ్మ దగ్గర కూర్చుని, తడిబట్టతో పెదవులు అద్దేవాళ్లు. మా నాయనకు అది కంటగింపు అయింది. అప్పటికి ఆయన గొంతులో బేరం పోయింది, కోపం మిగిలింది.

"ఇంకెందుకొస్తున్నరు?" అని ఒకనాడు గట్టిగానే అడిగాడు. "ఆమె తాగలేదు గద. మీ దేవునితోని కాదు గద. మరెందుకు?"

టెలిఫోను అక్క ఏదో అనబోతే పాస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నిజమే అన్నయ్యగారూ, మా వల్ల ఏమీ కావట్లేదు," అంది. "పాప ఒక్కతే కూర్చుంటోందని వస్తున్నాం." నా గురించి ఎవరైనా అనుకుంటున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

దీపావళి ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం టెలిఫోను అక్క అమ్మ తల దువ్వుతోంది. మూడు పాయలు తీసి జడ అల్లుతోంది. మధ్యలో ఆమె చేతులు ఆగాయి. అమ్మ మొహంలోకి వంగి చూసింది. పాస్టరమ్మ అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నా తలను తన కడుపుకు ఆనించుకుంది. టెలిఫోను అక్క కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, ఆగిన చోటి నుంచి జడ అల్లడం మొదలుపెట్టి, చివరిదాకా అల్లి, నల్లదారం కట్టింది.

పెద్దకర్మ అయ్యేదాకా మా ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. ఆ రోజుల్లోనే పాస్టరమ్మా, టెలిఫోను అక్కా మా ఇంటికి వచ్చారు. మేనత్త వాళ్లను మెట్ల దగ్గరే ఆపేసింది. "ఇంక ఏమున్నదని వచ్చిన్రమ్మా? మనిషి పాయె, మీ గిరాకి పాయె," అంది. వాళ్లు వెళ్లిపోలేదు. ఆ మెట్ల మీదే కూర్చున్నారు. పైకీ కిందికీ పోయే చుట్టాలు చీరలు ఎత్తిపట్టుకుని వాళ్లను దాటుకుంటూ పోయారు. నేను పోయి వాళ్ల మధ్య కూర్చున్నాను. ఆ రోజు ఎవరూ ప్రార్థన అనలేదు, సాక్ష్యం అనలేదు. మా నాయన మూసిన దుకాణంలో బస్తాల మధ్య కూర్చుని, సగం దించిన షట్టరు కింద నుంచి మా పాదాల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన తలంటుకుని, తెల్లటి అంగీ తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికని నేను అడగలేదు. అబిడ్స్‌లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు గోనెపట్టాలు పరిచారు. వాటి పక్కనుంచి నడుస్తూ, మా నాయన బస్తా సంగతి తేల్చుకోవడానికి పోతున్నాడనే అనుకున్నాను. మా లెక్కలో అది కుదరని బేరానికి ఇచ్చిన బయానా, వెనక్కి రావలసిన అడ్వాన్సు.

చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. మేము చివరి బెంచీ మీద కూర్చున్నాము. పాటలయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు చెప్పవచ్చని పాస్టరుగారు అన్నారు. ఒకామె లేచి తన కొడుక్కి ఉద్యోగం వచ్చిందంది. అందరూ 'స్తోత్రం' అన్నారు. ఒకాయన తన ఆపరేషను బాగా జరిగిందన్నాడు. మళ్లీ 'స్తోత్రం' అన్నారు. అప్పుడు మా నాయన లేచాడు.

"నాంపల్లిల నాది బియ్యం దుకాణం. నేను మీ మనిషిని గాను," అన్నాడు. "నా పెండ్లాం మంచిగైతే ఈడికొచ్చి సాక్ష్యం చెప్తనన్న. మంచిగ కాలే. సచ్చిపోయింది."

ఆయన ఆడవాళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"బేరం తెగినట్టే. నేను రావల్సిన పని లేదు. గాని ఈ అమ్మలను నేను చూసిన. ఆమె తాగిననాడు వచ్చిన్రు, తాగననాడు వచ్చిన్రు. నేను తిట్టినంక గూడ వచ్చిన్రు. ఆమె పోయినంక వస్తే మావోళ్లు మెట్ల మీద కూసోబెట్టిన్రు. మేం ఏం చూడలే అనుడు మాకు చిన్నప్పటి సంది అలవాటు. గాని నేను చూసిన. గంతే."

ఆయన కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. అనవచ్చో లేదో వాళ్లకు తెలియలేదు. పాస్టరుగారు పుస్తకంలో కాగితాలు తిప్పుతూ ఉండిపోయారు. ఆడవాళ్ల వైపు పాస్టరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. టెలిఫోను అక్క అంత పెద్ద గొంతుతో ఒక పాట ఎత్తుకోబోయి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మా నాయన నా చెయ్యి పట్టుకుని లేచి బయటికి వచ్చేశాడు.

ఆయన మళ్లీ ఆ చర్చికి పోలేదు. గుడికీ పోలేదు. దుకాణంలో కూర్చునేవాడు కానీ గిరాకీ ఎంతంటే అంతకే ఇచ్చేసేవాడు. బేగం బజార్ సేట్లు ఎంతంటే అంతకే తెచ్చేవాడు. బజారులో ఆయనను మంచివాడనడం మొదలుపెట్టారు. మా వాళ్ల దృష్టిలో దుకాణం మునిగిపోతోందనడానికి అదే గుర్తు. చివరికి మునిగింది కూడా. ఇంట్లో బేరమాడే పని నా మీద పడింది. ఆ పనిలో పడి నేను ముసలిదాన్నయ్యాను.

నాకు ఏ దేవుడి మీదా నమ్మకం కుదరలేదు. మంచాన పడ్డవాళ్లు బాగవుతారన్న ఆశ కూడా పెద్దగా లేదు. పాస్టరమ్మ ఎప్పుడో పోయింది. ఆ చర్చి వాళ్లలో చాలామంది ఊరి చివరికి ఇళ్లు మారిపోయారు. పిడికెడు బియ్యం డబ్బా ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ఉందో లేదో తెలియదు. ఆ వార్డులో మాత్రం మంచాలు ఇప్పటికీ ఖాళీ ఉండవు. తెలిసినవాళ్లలో ఎవరికైనా ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారంటే, మిగతావాళ్లు పళ్లు ఇచ్చి మొహం చాటేసే వేళకు నేను పోయి మంచం పక్కన కూర్చుంటాను. అక్కడ మాత్రం నా నోరు పడిపోతుంది. ఇంకొన్నాళ్లు ఇవ్వమని ఎవరినీ అడగను, ధైర్యంగా ఉండమని కూడా చెప్పను. అట్లా కూర్చున్నందువల్ల ఇంతవరకు ఒక్కరూ బతకలేదు.

పోయిన ఎండాకాలం టెలిఫోను అక్క మంచాన పడిందని తెలిసి, గౌలిగూడ దగ్గర వాళ్ల అక్క కొడుకు ఇంటికి పోయాను. ఆటోవాడితో యథాప్రకారం గొడవపడి పోయాను. ఆమె చిక్కి సగమైపోయింది. ఆ గొంతు మాత్రం అట్లాగే ఉంది. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"ఎందుకొచ్చినవే గింత ఎండల?" అంది.

"చూడనీకి వచ్చిన అక్కా," అన్నాను.

"ఏమున్నదే ఇంక చూడనీకి?"

ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మర్నాడు కూడా పోయాను. ఆమె కళ్లు తెరవలేని రోజుల్లో కూడా పోయాను. ఆమె బతకలేదు. నేను చూశాను.